నూనెమ్మ చెక్క

ఆ ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. గేటు కాపలాదారు నుంచి మేనేజరు దాకా అందరికీ ఆవిడ నూనెమ్మే. సోయా గింజల నుంచి నూనె పిండే ప్రెస్సు ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేతికింద ఉంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. హాల్లో మూడు మోటార్లు ఒక్కసారి తిరుగుతున్నా, ఆవిడ "ఆపండర్రా!" అంటే అవతలి గోడ దగ్గరున్న వాడికి కూడా వినబడి తీరేది. మీటర్ల వంక చూసే అలవాటే లేదు. ప్రెస్సు మూలిగిందంటే గింజలో తడి ఎక్కువైందని, కీచుమందంటే గింజ మరీ ఎండిపోయిందని చెవితోనే చెప్పేసేది. గింజ కొరికి, అది పళ్ళ కింద విరిగిన తీరును బట్టి ఈ బస్తాలో నూనె ఏ మాత్రం ఉందో అటూ ఇటూగా చెప్పేది. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు మొదట నవ్వేవారు, తర్వాత పరీక్ష చేసి చూసుకునేవారు, ఆ తర్వాత నేరుగా ఆవిడనే అడిగేవారు.

ఆ నూనె వంటకి కాదు. హాలు వెనక నుంచి ఒక గొట్టం ఆవరణ దాటి ఇంధనం షెడ్డులోకి వెళుతుంది. అక్కడ నూనెని శుద్ధి చేసి, ఒక రకం స్పిరిట్ కలిపి, చిక్కదనం పోగొట్టి, డీజిలుకు బదులు బస్సుల్లో పోస్తారు. ఊళ్ళో పన్నెండు బస్సులు దాంతోనే నడుస్తున్నాయి. వాటి పక్కల మీద పెద్ద అక్షరాలతో "ఈ బస్సు గింజల నూనెతో నడుస్తోంది" అని రాసి ఉంటుంది. అందులో ఒకటి నూనెమ్మ కొడుకే తోలుతాడు. తల్లి పిండిన నూనెతో కొడుకు బస్సు నడుపుతున్నాడంటే ఆవిడకి ఎంత గర్వమో వేరే చెప్పాలా? బస్సెక్కినప్పుడల్లా పక్క సీట్లో ముక్కూమొహం తెలియని వాళ్ళతో, "బండి మెత్తగా పోతోంది కదండీ?" అని మాట కలిపేది. అవునన్న వాళ్ళు బతికిపోయేవారు. కాదన్న వాళ్ళకి దిగేదాకా పాఠమే.

నూనె పిండాక మిగిలేది చెక్క. ముదురు గోధుమరంగు పెచ్చులుగా ప్రెస్సు మూతిలోంచి రాలేది. దాన్ని బస్తాలకెత్తి పశువుల దాణాకి పంపేవారు. దాని సంగతి నూనెమ్మ ఏనాడూ పట్టించుకోలేదు. "చెరుకు పిండాక పిప్పి ఎటు పోతే మనకేం?" అనేది.

అదంతా కోడలు ఫ్యాక్టరీలో అడుగు పెట్టక ముందు మాట.

కొడుక్కి పెళ్ళయి రెండేళ్ళు. ఆ అమ్మాయి అంతకు ముందు ఒక బేకరీలో రొట్టెలు చేసేది. చెయ్యి చురుకు, మాట సూటి. నూనె తీయగా మిగిలిన చెక్కలో సగానికి సగం మాంసకృత్తులే ఉంటాయని, దాన్ని పశువులకే ఎందుకు పెట్టాలి, మనుషులు తినే పిండి చేద్దామని ఫ్యాక్టరీవాళ్ళు కొత్త విభాగం తెరిచారు. కోడలు దరఖాస్తు పెట్టింది. మొగుడికి చెప్పింది, మామగారికి చెప్పింది, అత్తగారికి మాత్రం ఉద్యోగం వచ్చాకే చెప్పింది. అది నూనెమ్మకి ముల్లులా గుచ్చుకుంది. పైకి మాత్రం, "మంచిదేలే, ఒకే గేట్లోంచి ఇద్దరం పోవచ్చు" అంది.

వారం తిరక్కుండా కోడలు గుప్పెడు చెక్క పట్టుకుని ప్రెస్సు హాల్లోకి వచ్చింది. తలకి తెల్ల టోపీ, మోచేతుల దాకా పిండి. హాల్లో ఆరుగురు పనివాళ్ళు చేస్తున్న పని ఆపి చూస్తున్నారు.

"అత్తయ్యా, చెక్క మాడిపోతోంది" అంది.

"ఏమన్నావ్?"

"మాడిపోతోందండీ. మీ ప్రెస్సులో వేడి ఎక్కువగా ఉంది. పిండి చేస్తే చేదొస్తోంది, రొట్టె పొంగట్లేదు. కాస్త వేడి తగ్గిస్తారా?"

నూనెమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఇరవై రెండేళ్ళుగా ఆవులు తింటున్నాయమ్మా ఈ చెక్క. ఇంతవరకూ ఒక్క ఆవూ వచ్చి మాడిందని చెప్పలేదు."

హాలంతా గొల్లుమంది. కోడలు కూడా నవ్వింది. నవ్వుతూనే, "ఆవులకి నోరు లేదు అత్తయ్యా. నాకుంది" అంది.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నూనెమ్మ మాత్రం నవ్వలేదు. ఆ హాల్లో ఆవిడ మాటకి ఎదురుమాట పుట్టడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలకి మూడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు గానీ, ఇక్కడ కోడలి మీద కోపం పళ్ళేల మీద పడింది. ముందు గదిలో నూనెమ్మ భర్త కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో కోటుకి చేతులు అతుకుతున్నాడు. ఆయన దర్జీ. నలభై ఏళ్ళుగా నోట్లో గుండుసూదులు పెట్టుకునే పని కాబట్టి మాట్లాడకుండా తప్పించుకోవడం ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ పూట సూదుల అవసరం లేకపోయినా నాలుగు నోట్లో పెట్టుకున్నాడు.

భోజనాల బల్ల దగ్గర కూడా పళ్ళేల చప్పుడే. చివరికి కొడుకే నోరు విప్పాడు. "నాన్నా, నా పని అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది."

"ఒరేయ్, ఈ ఇంట్లో కొన్నాళ్ళు చెక్క అన్న మాట ఎత్తకు" అన్నాడు దర్జీ.

కోడలికి నవ్వాగలేదు. మంచినీళ్ళు తెచ్చే వంకతో లేచి వెళ్ళిపోయింది. నూనెమ్మ మొహం గంటు పెట్టుకునే కూర్చుంది.

కోడలు ఊరుకోలేదు. చెక్క ముక్కలు, పిండి, పొంగని రొట్టె ఒక పళ్ళెంలో పెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళింది. మేనేజరు మంచివాడే గానీ, చివర ఎవరు మాట్లాడితే వాళ్ళ మాట వినే రకం. ఒక నెల పాటు ప్రెస్సు వేడి సగానికి తగ్గించమని కాగితం పంపించాడు. నూనెమ్మ ఆ కాగితం చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, ఒక్క మాటా అనకుండా వేడి తగ్గించింది. ఆవిడ మౌనం చూసి హాల్లో అందరికీ భయం వేసింది.

ఆవిడ అనుకున్నట్టే అయింది. వంద కిలోల గింజలకి పద్నాలుగు కిలోల నూనె వచ్చే ప్రెస్సులో తొమ్మిది దాటడం కష్టమైంది. ఇంధనం షెడ్డులో ట్యాంకు నిండటం లేదు. రెండు వారాలకి పన్నెండు బస్సుల్లో మూడింటికి మళ్ళీ మామూలు డీజిలు పోయాల్సి వచ్చింది. ఆ మూడింటిలో నూనెమ్మ కొడుకుది ఒకటి.

మర్నాడు పొద్దున్న ఆవిడ బస్టాపులో నిలబడి ఉండగా కొడుకు బస్సే వచ్చింది. పక్క మీద రాసిన అక్షరాల మీద పొడుగ్గా బూడిదరంగు కాగితం అంటించి ఉంది. నూనెమ్మ ఎక్కలేదు.

"అమ్మా, ఎక్కవేం?" అన్నాడు కొడుకు స్టీరింగు ముందు నుంచే తొంగిచూస్తూ.

"నువ్వు పో. నేను నడిచొస్తా."

"ఏదైతేనేం అమ్మా, బండి బండే కదా!"

"నీకు బండే. నాకు కాదు" అంది ఆవిడ. అరగంట దూరం నడిచి, ఆ రోజు మొట్టమొదటిసారి ఫ్యాక్టరీకి ఆలస్యంగా వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం మేనేజరు గదిలో ఆవిడ గొంతు ఆవరణంతా వినబడింది. "ఒక చేత్తో బస్సులు ఆపి ఇంకో చేత్తో రొట్టెలు కాల్చడం ఏం వ్యాపారం సార్? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టుంది మీ పిండి విభాగం!" మేనేజరు తలూపాడు. ఆ వేళ చివర మాట్లాడింది ఆవిడే. నెలాఖరుకి పిండి విభాగం మూసేస్తామని, ప్రెస్సు పాత వేడిలోనే నడుస్తుందని నోటీసు బోర్డు మీద కాగితం వచ్చింది.

హాల్లో అందరూ ఆవిడ చుట్టూ మూగారు. "గెలిచావు నూనెమ్మా!" అన్నాడు బస్తాలెత్తే ముసలాయన. నూనెమ్మ తలపంకించింది. అంతే, తిరిగి ప్రెస్సు దగ్గరికి వెళ్ళిపోయింది.

పని దిగాక ఆవిడ పిండి గదికి వెళ్ళింది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా అటు తొంగిచూడలేదు. కోడలికి ఓ మంచి మాట చెప్పి వద్దామని వెళ్ళిందన్నది నిజమే. ఓడిన మొహం ఎలా ఉంటుందో చూద్దామన్న చిన్న బుద్ధి కూడా లోపల లేకపోలేదు.

చిన్న గది. గోడలకి తెల్ల పలకలు, ఒక మూల పిండికి ఆవిరి పట్టే డ్రమ్ము, దాని పక్కన చెక్క ఆడించే మర, కిటికీ కింద పొయ్యి. బల్ల మీద నాలుగు రొట్టెలు గుడ్డ మీద చల్లారుతున్నాయి. కోడలు జల్లెడలు కడిగి బోర్లిస్తోంది. ఏడవడం లేదు. మొహంలో ఓటమీ లేదు, కోపమూ లేదు. ఒళ్ళు అలిసిపోయి ఉంది, అంతే.

"రండి అత్తయ్యా. కాళ్ళు తుడుచుకుని రండి, ఇప్పుడే కడిగాను."

నూనెమ్మ కాళ్ళు తుడుచుకుంది. "ఎవరికమ్మా ఈ రొట్టెలు?"

"ఆసుపత్రి వంటింటికి. జబ్బు పడి లేచిన వాళ్ళకి బలం కావాలి, ఎక్కువ తినలేరు. కొంచెం తిన్నా ఒంటికి పట్టేది ఏమైనా చేసిస్తారా అని అక్కడి పెద్దావిడ అడిగారు. తక్కువ వేడి చెక్కతో చేశానివి. బాగా వచ్చాయి. కానీ ఇవే ఆఖరు. ఇక ఇవ్వలేమని ఆవిడకి ఉత్తరం రాయాలి."

కోడలు ఒక రొట్టె కోసి, ఒక ముక్క అత్తగారి ముందు పెట్టింది. నూనెమ్మ వద్దనబోయింది. పొద్దున్న నడిచిన నడకకి ఆకలి కూడా వేస్తోంది. నోట్లో పెట్టుకుంది.

మెత్తగా ఉంది. పై పొర కరకరలాడింది. నమిలే కొద్దీ వేయించిన గింజలాంటి కమ్మదనం నాలుక మీద నిలబడింది. నూనెమ్మకి ఆ రుచి తెలుసు. రోజూ కొరికి ఉమ్మేసే గింజలో ఆఖర్న తగిలే రుచే అది. అప్పుడు ఒక మాట ఆవిడకి తట్టింది. ఇరవై రెండేళ్ళలో తన ప్రెస్సు నుంచి వచ్చిన దేన్నీ తను తినలేదు. నూనె ట్యాంకుల్లోకి పోయింది, చెక్క దాణాలోకి పోయింది. కొన్ని వేల బస్తాలు తన చేతిమీదుగా వెళ్ళాయి. వాటిలో ఒక మనిషి నోటికి అందింది ఈ ముక్కే.

ఆవిడ ఇంకో ముక్క తీసుకుంది. అది తినడం అయ్యేదాకా కోడలు జల్లెడ తుడుస్తూనే ఉంది.

"అమ్మాయ్, నీ పిండి ఎంత వేడి దాకా ఓర్చుకుంటుంది?"

కోడలు తిరిగి చూసింది. "తొంభై డిగ్రీల దాకా పరవాలేదు అత్తయ్యా. వంద దాటితేనే మాడుతోంది."

"మరి అరవైకి దించమన్నారేం?"

"సగానికి దించమన్నది మేనేజరు గారు. నేను కాస్త తగ్గించమన్నాను."

"ఆ కాస్త ఎంతో నాకు చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదుగా?" అంది కోడలు. అని, తనే నాలుక కరుచుకుంది.

నూనెమ్మ ఒక్క క్షణం ఉరిమి చూసింది. తర్వాత ఆవిడకే నవ్వొచ్చింది. "నీకు నోరుందని ఆ రోజే చెప్పావు. వినకపోవడం నాదే తప్పు. ఆ ఉత్తరం రాయకు. రెండు వారాలు ఆగు."

మర్నాడు పొద్దున్నే ఆవిడ మేనేజరు గదికి వెళ్ళి గడువు అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నూనెమ్మా, నిన్న గొడవ చేసింది మీరే కదా?"

"గొడవ చేసిందీ నేనే, అడుగుతున్నదీ నేనే. ఉన్నది ఒక్కటే నోరు, ఏం చేస్తాం సార్? రెండు వారాలివ్వండి. నూనె తగ్గితే పిండి విభాగంతో పాటు నన్నూ ఇంటికి పంపించండి."

ఆ మాట అనేసి ఆవిడ నేరుగా ప్రెస్సు హాలు వైపు నడిచింది. మాట ఇచ్చేసింది గానీ, తక్కువ వేడిలో నూనె ఎలా రాబట్టాలో ఆవిడకి అప్పటికి తెలియదు. గింజ గట్టిది. వేడి తగిలి మెత్తబడితేనే నూనె వదులుతుంది. వేడి లేకుండా గింజ పట్టు ఎలా విడిపించాలి?

గోదాము చివర టార్పాలిన్ కింద గింజల్ని అటుకుల్లా చదును చేసే పాత రోలర్లు పడి ఉన్నాయి. ఆవిడ చేరిన కొత్తలో వేడి పెంచడం మొదలుపెట్టాక వాటి అవసరం లేదని పక్కన పెట్టారు. నూనెమ్మ వాటిని బయటికి లాగించి, తుప్పు గీకించి, మళ్ళీ బిగించింది. గింజ పలచగా నలిగితే నూనెకి దారి దొరుకుతుందని ఆవిడ లెక్క. లెక్క సగమే నిజమైంది. తొమ్మిది ఉన్నది పదకొండయింది. అంతకు మించి కదల్లేదు.

అయితే ఒక్కసారి కాదు, రెండుసార్లు పిండాలనుకుంది. మొదటిసారి వచ్చిన చెక్కనే వెంటనే తిరిగి ప్రెస్సులో పోసింది. నూనె వచ్చింది గానీ వేడి నూట పది దాటిపోయి చెక్క మళ్ళీ గోధుమరంగుకి తిరిగింది. మూతి వదులు చేసి చూస్తే వేడి తగ్గింది, నూనె కూడా తగ్గింది. నాలుగో రోజు మూతి మళ్ళీ బిగించేసరికి ప్రెస్సు పెద్దగా మూలిగి, బిగుసుకుని, ఆగిపోయింది. లోపలంతా చెక్క ఇటుకలా గట్టిపడింది.

దాన్ని విప్పి శుభ్రం చేయడానికి సగం రోజు పట్టింది. కోడలు తెల్ల టోపీ తీసి పక్కన పెట్టి, అత్తగారితో పాటు నేల మీద కూర్చుని ఇనప కమ్మీతో గీకడం మొదలుపెట్టింది. మోచేతుల దాకా ఇద్దరికీ నూనె.

"నీకెందుకమ్మా ఇది, లే" అంది నూనెమ్మ.

"నా పిండి కోసమేగా ఇదంతా" అంది కోడలు గీకుతూనే. కాసేపయ్యాక అడిగింది. "అత్తయ్యా, మొదటి చెక్క వచ్చాక రెండోసారి ఎంతసేపటికి వేస్తున్నారు?"

"ఎంతసేపేమిటి? రాగానే. వేడి చల్లారితే మళ్ళీ వేడి పెట్టాలిగా."

"నేను బేకరీలో చేరిన కొత్తలో పిండి ఒకటే ఊపున పిసికేదాన్ని. రొట్టె పాడయ్యేది. మా మేస్త్రీ తిట్టేవాడు. పిసికితే పిండి తనంతట తనే వేడెక్కుతుంది, మధ్యలో దాన్ని కాసేపు వదిలెయ్, ఆ తర్వాత నీ మాట వింటుంది అనేవాడు. ఇది కూడా అలాంటిదేనేమో?"

నూనెమ్మ చేతిలో కమ్మీ ఆగింది. వేడి అంటే బయటి నుంచి మంట పెట్టేదే అని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చింది. నలిగేటప్పుడు చెక్క తనలో తానే వేడి పుట్టించుకుంటుందన్న మాట తెలియక కాదు, దాని గురించి ఆలోచించే అవసరమే ఎప్పుడూ రాలేదు. పొయ్యి దగ్గర లేని వేడి కూడా వేడే. చల్లారనిచ్చి వేస్తే, రెండోసారి నలిగేటప్పుడు పుట్టే వేడే సరిపోతుంది. మళ్ళీ మంట పెట్టక్కర్లేదు.

"మీ మేస్త్రీ ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడండీ. ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు."

"కనబడితే నా దండాలు చెప్పు" అంది నూనెమ్మ.

మొదటి చెక్కని పలకల మీద పలచగా పరిచి, గంటసేపు గాలికి వదిలి, చేత్తో నలిపి పొడి చేసి, అప్పుడు రెండోసారి వేశారు. అలా వారం రోజులు చేసి చూశారు. తడి ఎంత ఉండాలో నూనెమ్మ గింజ కొరికి చెప్పేది, కోడలు చెక్కపొడి గుప్పిట్లో బిగించి చెప్పేది. ఇద్దరి మాటా కలిసేది కాదు. "ఇంకొంచెం ఆరాలి" అని ఆవిడ, "ఇంక ఆరితే పిండి పొడిబారుతుంది" అని ఈవిడ. పోట్లాడుకుంటూనే నీళ్ళు చిలకరించుకున్నారు. హాల్లో వాళ్ళు భోజనాల వేళకి డబ్బాలు పట్టుకుని వచ్చి దగ్గరే కూర్చుని వినేవారు. అంత కాలక్షేపం ఆ హాల్లో ఎన్నడూ లేదు.

పన్నెండో రోజు ప్రెస్సు మూలగలేదు, కీచుమనలేదు. ఒకే తీరున తిరుగుతూ పోయింది. నూనెమ్మ మూతి దగ్గర చెయ్యి పెట్టింది. అరచేతిలో రాలిన పెచ్చులు లేత పసుపు రంగులో ఉన్నాయి. ఆవిడ వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కోడలి చేతిలో పోసింది. కోడలు ఒక పెచ్చు నోట్లో వేసుకుని నమిలి, కళ్ళు మూసుకుని తలూపింది.

నూనె తూచారు. వందకి పదమూడున్నర.

"ఇంకో అర కిలో ఎక్కడ పోయింది?" అని నూనెమ్మ ప్రెస్సు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఎవరెన్ని చెప్పినా ఆవిడకి ఆ అర కిలో కంట్లో నలుసైపోయింది. సాయంత్రం ఇంధనం షెడ్డు నుంచి అక్కడి ముఖ్య కార్మికుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"నూనెమ్మా, ఇవాళ ఏం పంపించావు?"

"ఏం? ఏమైంది?"

"ఇంత తేట నూనె నేను చూడలేదు. జిగురే లేదు. రోజూ శుద్ధి చేసేటప్పుడు పద్నాలుగు కిలోల్లో ఒక కిలో పోతుంది, ఇవాళ ఏమీ పోలేదు. బస్సుల్లోకి చేరేది పాత లెక్క కంటే ఎక్కువే!"

ఆవిడ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత కోడలి వైపు తిరిగి, హాల్లో అందరికీ వినబడేలా, "విన్నావా? తక్కువ వేడికి నూనె కూడా బాగుపడింది. నువ్వు ఆ రోజు చెక్క ఒక్కటే మాడుతోందన్నావు. నూనె కూడా మాడుతోందని చెప్పలేదేం?" అంది.

"నాకు తెలియదు కదత్తయ్యా!"

"నాకూ తెలియదు" అంది నూనెమ్మ. "ఇరవై రెండేళ్ళు."

ఆ మాట అలా అందరి ముందూ ఒప్పేసుకున్నందుకు ఆవిడకి సిగ్గనిపించలేదు. తెలియంది తెలిసింది, అదీ తన ప్రెస్సులోనే, తన ఇంటి పిల్ల వల్లే తెలిసింది. ఛాతీ కొంచెం పొంగింది కూడా.

మేనేజరు మూడు రోజులు వరసగా తూకాలు చూసుకుని పిండి విభాగం ఉంటుందని కాగితం అంటించాడు. మూడు బస్సులకీ మళ్ళీ గింజల నూనె పోశారు. కొడుకు తన బస్సు మీది బూడిద కాగితం తనే చించేసి, ఇంటికొచ్చి చెప్పాడు. దర్జీ ఆ రోజు నోట్లోంచి సూదులు తీసి, "మీ ఇద్దరికీ రెండు కొత్త టోపీలు కుట్టిపెడతా, కొలతలివ్వండి" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం చూసి కోడలు లేచి చప్పట్లు కొట్టింది.

గోదాములో పాత చెక్క బస్తాలు, కొత్త చెక్క బస్తాలు కలిసిపోకుండా గుర్తు పెట్టాల్సి వచ్చింది. కోడలు సుద్దముక్క తీసుకుని కొత్త వాటి మీద "నూనెమ్మ చెక్క" అని రాసింది. నూనెమ్మ చూసి, "చెక్కకి నా పేరేమిటే, చెరిపెయ్" అంది. కోడలు చెరపలేదు. నూనెమ్మా మళ్ళీ అడగలేదు. బస్తాలెత్తే ముసలాయన మాత్రం, ఆవిడ రోజుకి రెండుసార్లు ఏదో వంకతో గోదాములోకి వచ్చి ఆ వరస ముందు నుంచి నడిచి వెళుతోందని అందరికీ చెప్పాడు.

ఆసుపత్రికి మొదటి రొట్టెల బండి వెళ్ళిన రోజు కోడలు అత్తగారిని కూడా రమ్మంది. "ప్రెస్సు ఎవరు చూస్తారు?" అని నూనెమ్మ నసిగింది గానీ, పొద్దున్నే ఉతికిన బట్టలు కట్టుకుని సిద్ధంగా ఉంది. ఆసుపత్రి వంటింటి పెద్దావిడ బొద్దుగా, గంభీరంగా ఉంది. రొట్టెని వేలితో నొక్కి, వాసన చూసి, చిన్న ముక్క నమిలి, "సరే, రోజూ అరవై" అంది. అంతకు మించి ఒక్క పొగడ్త మాట లేదు. నూనెమ్మకి ఆ మనిషి ఎంతో నచ్చింది.

"ఎవరు తింటారో ఒకసారి చూడొచ్చా అమ్మా?" అని అడిగింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి పెద్దావిడ వాళ్ళని ఒక వార్డు గుమ్మం దాకా తీసుకెళ్ళింది. లోపల ఆరు మంచాలు. కిటికీ పక్క మంచం మీద ఎముకల గూడులా ఉన్న ఒక నడివయసు మనిషి దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముందు గిన్నెలో సూపు, పక్కన రెండు రొట్టె ముక్కలు. అతను పది రోజులుగా ఏదీ సగం కూడా తినడం లేదని నర్సు మెల్లిగా చెప్పింది. అతను ముక్క తుంచాడు, సూపులో ముంచాడు, నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. మళ్ళీ తుంచాడు. మొదటి ముక్క అయిపోయింది. రెండోది తీసుకున్నాడు.

నూనెమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ బస్సుల్లో పక్కవాళ్ళని తట్టి మరీ అడిగిన మనిషి, ఇక్కడ ఎవరినీ ఏమీ అడగలేదు.

కోడలు ఆవిడ చెవిలో, "ఆయనకి చెప్పనా అత్తయ్యా, ఇది మీ ప్రెస్సు నుంచి వచ్చిందని?" అంది.

"వద్దు. తిననీ" అంది నూనెమ్మ.

అతను రెండో ముక్క కూడా పూర్తిచేసి, గిన్నె అడుగున మిగిలిన సూపు వైపు చూసి, నర్సుని చేత్తో పిలిచాడు. ఇంకొకటి ఉందా అని అడిగాడు.

నూనెమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ వచ్చిన దారినే వెనక్కి నడిచారు. వసారా దాటుతుండగా ఆవిడ అంది. "అరవై అంటే, రోజుకి ఇంకో రెండు బస్తాల చెక్క పరచాలి. పలకలు చాలవు. రేపే వడ్రంగికి చెప్పాలి."

"పొట్టు కూడా తీసి వేస్తే పిండి ఇంకా తెల్లగా వస్తుంది అత్తయ్యా" అంది కోడలు.

"పొట్టు తీస్తే ప్రెస్సులో గింజ జారుతుందే!"

"కాస్త తీస్తే?"

"కాస్తంటే ఎంతో ముందు చెప్పు" అంది నూనెమ్మ. వాళ్ళు గేటు దాటి రోడ్డెక్కేదాకా, బండెక్కాక కూడా, ఆ వాదన సాగుతూనే ఉంది.